పిస్టల్ తూటాల రీలోడింగ్ డేటా: ఏ అంకెను నమ్మాలి?

కిరణ్_గుంటూరు:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు అరండల్‌పేట, ప్రస్తుతం ఉంటున్నది టెక్సాస్‌లో. ఇక్కడ సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి, అంటే కాల్చిన తూటా ఇత్తడి గుల్లలో (కేస్‌లో) కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్ళీ నింపుకోవడానికి, చట్టం ఒప్పుకుంటుంది. 9 ఎంఎం లూగర్ కోసం 124 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) రాగిపూత బుల్లెట్లు, హెచ్‌పీ-38 పౌడర్, పౌడర్‌ను అంటించే మామూలు స్మాల్ పిస్టల్ ప్రైమర్లు తీసుకున్నాను. ఎంత పౌడర్ వేయాలో చెప్పే డేటా వెతికితే ఒక్కోచోట ఒక్కో గరిష్ఠ మోతాదు కనిపిస్తోంది. తూటా మొత్తం పొడవు ఒకచోట 1.090 అంగుళాలు అని ఉంది, మరోచోట 1.150. ఒక వీడియోలో చెప్పిన మోతాదైతే పౌడర్ కంపెనీ ఇచ్చిన గరిష్ఠాన్ని కూడా దాటింది. దేన్ని పట్టుకోవాలి? అన్నిటి సగటు తీసుకుని మొదలుపెట్టవచ్చా?

నిర్వాహకుడు_బెజవాడ:
కిరణ్ గారూ, చర్చ సాగేముందు రెండు నియమాలు.

ఇక్కడ ఎవరూ పౌడర్ మోతాదు అంకెలు రాయొద్దు. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే చాలు, పిస్టల్ చేతిలో పగులుతుంది. రాసినవాళ్ళు తర్వాత దిద్దుకున్నా, తప్పు అంకె అప్పటికే ఎవరి ఫోన్‌లోనో స్క్రీన్‌షాట్‌గా ఉండిపోతుంది. డేటా ఎక్కడ దొరుకుతుంది, ఎలా చదవాలి, ఎలా సరిచూడాలి, ఇంతవరకే.

రెండోది, మన దేశంలో ఉన్నవాళ్ళకు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తయారీ లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. చేతిలో రివాల్వర్ లైసెన్సు ఉండటం వేరు, తయారీ లైసెన్సు వేరు. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం. విజయవాడ, గుంటూరు సభ్యులు ఈ చర్చను విషయం తెలుసుకోవడానికి చదవండి, ఇంట్లో చేయడానికి కాదు.

పటమట_మూర్తి:
సగటు తీయొద్దు బాబూ. డేటా పట్టికలో ప్రతి వరుసా ఒక ప్రయోగం ఫలితం. ఫలానా బుల్లెట్, ఫలానా కేస్, ఫలానా ప్రైమర్, ఫలానా పొడవు, ఫలానా బ్యారెల్, వీటన్నిటితో పీడనం కొలిచి ఆ గరిష్ఠం పెడతారు. రెండు వరుసల సగటు తీస్తే వచ్చేది ఎవరూ కొలవని మూడో ప్రయోగం.

వెతికే క్రమం ఇలా పెట్టుకోండి. మొదట పౌడర్ తయారీదారు సొంత డేటా. హెచ్‌పీ-38 హాడ్జ్‌డన్ వాళ్ళది, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అలయంట్, విహ్తావూరి కూడా తమ పౌడర్లకు ఇలాగే ఇస్తాయి. తర్వాత బుల్లెట్ తయారీదారు మాన్యువల్: హార్నడీ, స్పీర్, సియెర్రా లాంటివాళ్ళు తమ బుల్లెట్లతోనే పరీక్షించి అచ్చువేస్తారు. మూడోది లైమన్ మాన్యువల్. అందులో చాలా కంపెనీల బుల్లెట్లు ఉంటాయి, పోత సీసం బుల్లెట్లకు విడిగా డేటా ఉంటుంది. వీటిలో కనీసం రెండు చోట్ల మీ మేళవింపుకు దగ్గరి వరుస దొరికాకే ముందుకు వెళ్ళండి. రెండూ విభేదిస్తే తక్కువ ఆరంభ మోతాదు ఉన్నదానితో మొదలుపెట్టండి.

వీడియోలు, వాట్సాప్‌లో తిరిగే ఎక్సెల్ షీట్లు, "నేను ఇంతే వేస్తాను, ఏమీ కాలేదు" అనే వ్యాఖ్యలు, చాట్‌బాట్ చెప్పే మోతాదులు, వీటి వెనక పీడనం కొలిచిన బ్యారెల్ లేదు. కంప్యూటర్ లెక్క చూపే సాఫ్ట్‌వేర్లు కూడా అంచనాలే. ఒక మార్పు చేస్తే పీడనం ఎటు పోతుందో అర్థం చేసుకోవడానికి అవి బాగుంటాయి, ఆరంభ మోతాదు వాటిలోంచి తీసుకోకూడదు.

మరొకటి. వరుసను పూర్తిగా రాసుకోండి, మోతాదు ఒక్కటే కాదు. తూటా పేరు, బుల్లెట్ రకం, బరువు, కేస్ కంపెనీ, ప్రైమర్, బ్యారెల్ పొడవు, తూటా మొత్తం పొడవు, ఆరంభం, గరిష్ఠం, ఆ గరిష్ఠం దగ్గర వేగం, పీడనం, ఏ మూలం, ఏ ముద్రణ, ఏ తేదీన చూశారు. పీడనం ఏ కొలమానంలో ఉందో కూడా రాయండి. పాత డేటాలో రాగి ముక్క నలిగిన కొలతతో ఇచ్చిన సీయూపీ ఉంటుంది, కొత్తదాంట్లో విద్యుత్ సెన్సర్‌తో కొలిచిన పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఒకదాన్ని మరోదానిలోకి మార్చే నికరమైన సూత్రం లేదు, కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చకండి.

బ్రాడీపేట_రవి:
మూర్తి గారు చెప్పినదానికి కొనసాగింపు. కిరణ్ గారు పొడవును పక్క విషయంలా రాశారు. 9 ఎంఎంలో మోతాదు ఎంత ముఖ్యమో పొడవూ అంతే ముఖ్యం.

చూడాల్సింది బుల్లెట్ కేస్‌లోకి ఎంత లోతు దిగింది అన్నది. లెక్క సులువు: కేస్ పొడవు, బుల్లెట్ పొడవు కూడి, అందులోంచి తూటా మొత్తం పొడవు తీసేయాలి. కేస్ 0.754 అంగుళాలు, బుల్లెట్ 0.600 అనుకోండి. తూటా 1.150 ఉంటే బుల్లెట్ 0.204 లోపలికి దిగినట్టు. అదే తూటా 1.090 ఉంటే 0.264. తేడా 0.060 అంగుళం, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు. చూడటానికి ఏమీ లేదు. కానీ 9 ఎంఎం కేస్‌లో పట్టేదే సుమారు 13 గ్రెయిన్ల నీరు. బుల్లెట్ దిగాక దాని కింద మిగిలేది ఎనిమిది గ్రెయిన్ల చోటు. ఆ ఒకటిన్నర మిల్లీమీటరు అందులో దాదాపు ఐదో వంతును మింగేస్తుంది. అదే పౌడర్ ఇంకా ఇరుకు చోట మండితే పీడనం వేగంగా పైకి లేస్తుంది.

మీకు కనిపించిన 1.090, 1.150 రెండూ వాటి వాటి బుల్లెట్లకు సరైనవే అయ్యుండొచ్చు. బోలు మొన బుల్లెట్ పొట్టిగా ఉంటుంది, గుండ్రటి మొనది పొడవుగా ఉంటుంది. ఒకదాని మోతాదు, ఇంకోదాని పొడవు కలపడమే ప్రమాదం. పూర్తి రాగి బుల్లెట్లలో ఇది ఇంకా ఎక్కువ. సీసం లేదు కాబట్టి అదే బరువుకు అవి పొడవుగా ఉంటాయి, ఎక్కువ లోతు దిగుతాయి. వాటికి వాటి సొంత డేటానే వాడాలి.

9 ఎంఎంకి అమెరికా ప్రమాణాల సంస్థ సామీ పెట్టిన గరిష్ఠ పొడవు 1.169 అంగుళాలు. అది దాటకూడని హద్దు మాత్రమే, మీ పిస్టల్‌కి సరిపోయే పొడవు అని కాదు. బ్యారెల్ విప్పి, పౌడరూ ప్రైమరూ లేని డమ్మీ తూటాను అందులో వేయండి. బరువుకే టక్కున దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి, బోర్లిస్తే తనంతట తాను పడిపోవాలి. తిరగకపోతే బుల్లెట్ మొన బ్యారెల్ లోపలి మెలి గాడులకు తగులుతోందని అర్థం. అలా తగిలినా పీడనం పెరుగుతుంది. కొన్ని పిస్టళ్ళలో, ముఖ్యంగా సీజెడ్ కంపెనీ బ్యారెళ్ళలో, గాడులు చాలా దగ్గర మొదలవుతాయి. మాన్యువల్ పొడవు వాటిలో పట్టకపోవచ్చు. అప్పుడు పొడవు తగ్గించాల్సి వస్తుంది, దానితోపాటు ఆరంభ మోతాదుకి తిరిగి వెళ్ళాల్సి వస్తుంది.

కిరణ్_గుంటూరు:
చాలా స్పష్టంగా ఉంది రవి గారూ. రాగిపూత సంగతి మిగిలింది. పౌడర్ కంపెనీ పట్టికలో జాకెట్ బుల్లెట్లకు (సీసం మీద మందపాటి రాగి తొడుగు ఉన్నవాటికి) ఉంది, సీసానికి ఉంది. పూత బుల్లెట్ ఏ వరుసలోకి వస్తుంది?

సుధారాణి_లబ్బీపేట:
మొదట ఆ బుల్లెట్ తయారీదారు వెబ్‌సైట్ చూడండి కిరణ్ గారూ. పూత బుల్లెట్లు చేసేవాళ్ళు మోతాదులు ఇవ్వకపోయినా, ఏ రకం డేటా వాడాలో, వేగం ఎంత దాటకూడదో సాధారణంగా రాస్తారు. చాలామంది చెప్పేది ఒకటే: గట్టి పోత సీసం డేటా వాడండి, లేదా జాకెట్ డేటాలో ఆరంభం నుంచి మధ్య వరకే ఉండండి. జాకెట్ గరిష్ఠం పూత బుల్లెట్‌కి వాడకూడదు. పలచటి పూత అంత వేగాన్ని తట్టుకోలేక చిరుగుతుంది, గురి పోతుంది.

పైన రంగు పాలిమర్ పూసిన సీసం బుల్లెట్లు వేరే జాతి. వాటికి సీసం డేటా.

తయారీదారు మాట దొరక్కపోతే ఆ బుల్లెట్ పక్కన పెట్టి, డేటా ఉన్న బుల్లెట్ కొనడం మేలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే. బుల్లెట్లు, పౌడర్ కొనేశాక డేటా వెతకడం తలకిందుల పని. ముందు అచ్చులో ఉన్న వరుస ఒకటి ఎంచుకోండి, అందులో ఉన్న సరుకే కొనండి. అప్పుడు ఊహించాల్సిన అవసరమే రాదు.

క్రింప్, అంటే కేస్ మూతిని బుల్లెట్ చుట్టూ నొక్కడం, ఆ సంగతి కూడా చూసుకోండి. 9 ఎంఎం, .45 ఏసీపీ తూటాలు చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) కేస్ మూతి మీద ఆనుకుని నిలబడతాయి. కాబట్టి మూతిని లోపలికి మడవకూడదు, వెడల్పు చేసిన అంచును తిరిగి నిటారు చేసే టేపర్ క్రింప్ చాలు. గట్టిగా నొక్కితే పూత తెగుతుంది, పైగా బుల్లెట్ మీద పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే స్లైడ్ ముందుకు కొట్టినప్పుడు బుల్లెట్ లోపలికి జారుతుంది, రవి గారు చెప్పిన లోతు సమస్య మళ్ళీ మొదటికొస్తుంది. డమ్మీ తూటా పొడవు కొలిచి, మ్యాగజైన్ నుంచి చాంబర్‌లోకి ఎక్కించి, తీసి మళ్ళీ కొలవండి. పొడవు తగ్గితే మిగతావి చేయకండి. ఒకే తూటాను పదేపదే చాంబర్‌లోకి ఎక్కించడం కూడా ఇందుకే మంచిది కాదు, కంపెనీ తూటా అయినా సరే.

తెనాలి_ప్రసాద్:
ఇంత తికమక ఎందుకండీ, గరిష్ఠం నుంచి 10 శాతం తగ్గించి మొదలుపెడితే సరిపోతుంది కదా? అందరూ చెప్పే సూత్రమే.

పటమట_మూర్తి:
ప్రసాద్ గారూ, పట్టికలో ఆరంభ మోతాదు ఇవ్వనప్పుడు వాడే సూత్రం అది. ఇచ్చినప్పుడు ఇచ్చినదే వాడాలి.

ఆ సూత్రం కొన్ని పౌడర్లకు ప్రమాదం కూడా. హెచ్110, దానితో సమానమైన వించెస్టర్ 296, మాగ్నమ్ రివాల్వర్ తూటాలకు వాడే నిదానపు పౌడర్లు. వీటిని ప్రచురించిన మోతాదు నుంచి 3 శాతం మించి తగ్గించవద్దని హాడ్జ్‌డనే చెబుతుంది. తగ్గితే సరిగ్గా అంటుకోదు, బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోవచ్చు. ఆ ఆగిన బుల్లెట్ వెనక రెండో తూటా పేలితే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. ఏ తూటా అయినా చప్పుడు మామూలు కన్నా మెత్తగా వస్తే అక్కడికక్కడ ఆపాలి. పిస్టల్ మొన లక్ష్యం వైపే ఉంచి కాసేపు ఆగి, ఖాళీ చేసి, బ్యారెల్‌లోకి రాడ్ దూర్చి అటువైపు బయటికి వస్తుందో లేదో చూడాలి. సరదాగా ఇంకోటి కాల్చి చూద్దాం అనుకోకూడదు.

ఇక 9 ఎంఎంలో ఆరంభానికీ గరిష్ఠానికీ మధ్య ఖాళీ చాలా పౌడర్లకు ఒక గ్రెయిన్ లోపే, కొన్నిటికి అర గ్రెయినే. అందుకే 0.1 గ్రెయిన్ మెట్లలో పైకి వెళ్ళాలి, అక్కడక్కడా 0.2. పిస్టల్ నమ్మకంగా తిరుగుతూ, గురి బాగున్న చోట ఆగిపోవచ్చు. గరిష్ఠం చేరుకోవాలన్న నియమమేమీ లేదు.

ఉండవల్లి_నాగ:
అర గ్రెయిన్ ఖాళీ అంటున్నారు. మామూలు జేబు డిజిటల్ తూకాలు ఆ పనికి వస్తాయా?

సుధారాణి_లబ్బీపేట:
చాలావరకు రావు నాగ గారూ. గ్రాముల్లో రెండు దశాంశాల వరకే చూపే తూకంలో ఒక్క అంకె కదిలితే 0.15 గ్రెయిన్. అంటే మూర్తి గారు చెప్పిన మెట్టు కన్నా ఆ తూకం మెట్టే పెద్దది. 0.1 గ్రెయిన్ లేదా అంతకన్నా మెరుగ్గా చూపేది కావాలి. పరీక్ష తూనికరాళ్ళు ఉండాలి, అవి కూడా మీరు వాడే మోతాదుకు దగ్గర్లోవి. పెద్ద రాయితో సరిచూస్తే కింద, నాలుగైదు గ్రెయిన్ల దగ్గర తప్పు బయటపడదు.

గ్రాము, గ్రెయిను బటన్ ప్రతిసారీ చూసుకోవాలి. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. డిజిటల్ తూకం వేడెక్కడానికి సమయం ఇవ్వాలి. పంకా ఆపాలి, ఏసీ గాలి తగలకూడదు. ఆ కొద్ది గాలికే అంకె అటూ ఇటూ ఊగుతుంది. మన ఉక్కపోతలో పంకా ఆపి కూర్చోవడం కష్టమే గానీ ఇందులో రాజీ లేదు. పౌడర్‌ను ఘనపరిమాణంతో కొలిచి పోసే పౌడర్ మెజర్ వాడేవాళ్ళు పది విడతలు కలిపి తూచి సగటు చూడటం ఒక్కటే కాదు, విడివిడిగా కూడా తూచాలి. సగటు సరిగ్గా ఉండి, విడతలు మాత్రం ఎక్కువ తక్కువగా పడే పౌడర్లు ఉన్నాయి, ముఖ్యంగా పెద్ద రేకుల పౌడర్లు.

బ్రాడీపేట_రవి:
ఇంకొక్క జాగ్రత్త, రెండుసార్లు నిండటం. తక్కువ మోతాదుతో పనిచేసే, వేగంగా మండే పౌడర్ కేస్‌లో సగం కూడా నిండదు, కాబట్టి పొరపాటున రెండోసారి పోసినా పొంగదు, కనబడదు. డేటాలో ఎంపిక ఉన్నప్పుడు, రెండో విడత పడితే కేస్ పొంగిపొర్లేంత ఘనపరిమాణం ఉన్న పౌడర్‌నే తీసుకోండి. కేసులన్నీ స్టాండులో నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చి వేసి ప్రతిదాంట్లో పౌడర్ ఎత్తు చూడండి. బల్ల మీద ఒకే డబ్బా, ఒకే పౌడర్ ఉండాలి.

తెనాలి_ప్రసాద్:
గరిష్ఠం దాటితే ప్రైమర్ చదునుగా అణిగిపోతుందని చదివాను. దాన్ని చూసుకుంటూ పోవచ్చు కదా?

పటమట_మూర్తి:
దాన్ని నమ్ముకుని పిస్టల్ డేటా దాటినవాళ్ళకే ఎక్కువ నష్టం. సామీ పెట్టిన గరిష్ఠ సగటు పీడనాలు చూడండి: 9 ఎంఎం లూగర్‌కి 35,000 పీఎస్ఐ, ఎక్కువ పీడనానికి చేసే దాని +పీ రకానికి 38,500. .357 మాగ్నమ్‌కి 35,000. .45 ఏసీపీకి 21,000. .38 స్పెషల్‌కి 17,000. .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్‌కి 15,000 మాత్రమే. ప్రైమర్ మాత్రం .38 స్పెషల్‌లోనూ .357లోనూ ఒకే సైజు. .357 పీడనంలోనే మామూలుగా కనిపించే ప్రైమర్, .38 స్పెషల్ రెట్టింపు పీడనానికి వెళ్ళినా ఏమీ చెప్పకపోవచ్చు. అంటే ప్రైమర్ చూసి ఫర్వాలేదనుకునే సమయానికి ఆ రివాల్వర్ తన హద్దు ఎప్పుడో దాటేసి ఉంటుంది.

లక్షణాలు కనిపిస్తే తప్పకుండా ఆపాలి: ప్రైమర్‌కి చిల్లు పడటం, కేస్ అడుగు దగ్గర ఉబ్బు, ఖాళీ కేసులు మామూలు కన్నా చాలా దూరం ఎగరడం. కనిపించకపోతే క్షేమం అని మాత్రం అర్థం కాదు. వాటికన్నా బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ నమ్మదగిన సాక్షి. మాన్యువల్ బ్యారెల్ పొడవే మీదీ అయి, మీ మోతాదు గరిష్ఠం కన్నా తక్కువే ఉన్నా మాన్యువల్ గరిష్ఠ వేగం వచ్చేసిందంటే, పీడనం కూడా అక్కడికి చేరినట్టే భావించి ఆగాలి. వేగం ఊరికే రాదు.

ఎండ సంగతి. డేటా అంతా మామూలు గది వేడిమిలో కొలిచినది. కొన్ని పౌడర్లకు వేడి పెరిగితే పీడనం కూడా పెరుగుతుంది. రోహిణి కార్తెలో బెజవాడలో ఆపి ఉంచిన కారు లోపల ఎలా కాలుతుందో తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, టెక్సాస్ వేసవి కూడా తక్కువది కాదు. చలికాలంలో గరిష్ఠం అంచున సరిపెట్టుకున్న మోతాదు వేసవిలో హద్దు దాటొచ్చు. తూటాలను కారులో వదలొద్దు.

ఉండవల్లి_నాగ:
మా ఇంట్లో లైసెన్సు .32 రివాల్వర్ ఉంది. ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాల ఖాళీ కేసులు కొన్ని మిగిలాయి. బుల్లెట్లు, డైలు (కేస్‌ను సరిచేసి బుల్లెట్ బిగించే అచ్చులు) మాత్రమే తెప్పించి ఉంచుకుంటే? పౌడర్ జోలికి పోకుండా.

నిర్వాహకుడు_బెజవాడ:
వద్దు నాగ గారూ. ఆయుధాల చట్టంలో తూటా అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే తూటా భాగాలు, తూటాలు తయారు చేసే యంత్రాలు కూడా ఉన్నాయి. పౌడర్ లేనంత మాత్రాన బయటపడరు. ఖాళీ కేసులను లైసెన్సు తూటాల లెక్కతోపాటు డీలర్‌తోనూ లైసెన్సు ఇచ్చిన కార్యాలయంతోనూ మాట్లాడి తేల్చుకోండి. మన క్లబ్బుల్లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ ఆడేవాళ్ళు కూడా కంపెనీ తూటాలే వాడతారు. మీ రివాల్వర్‌కి ఉపయోగపడేది ఇంతే: తేమ లేని చోట దాచడం, పెట్టె మీది లాట్ నంబర్ (తయారీ విడత సంఖ్య) రాసి ఉంచుకోవడం, పచ్చగా చిలుము పట్టిన తూటాను కాల్చకపోవడం.

కిరణ్_గుంటూరు:
అందరికీ కృతజ్ఞతలు. అయితే నా పని ఇది: పూత బుల్లెట్ తయారీదారు సూచన చూడటం, హాడ్జ్‌డన్ వరుస, లైమన్ వరుస పూర్తిగా రాసుకోవడం, నా బుల్లెట్ పొడవు కొలిచి లోతు లెక్క వేయడం, డమ్మీతో బ్యారెల్ పరీక్ష. అందరూ హెచ్‌పీ-38కి బదులు వించెస్టర్ 231 డేటా వాడొచ్చంటున్నారు, అది నిజమేనా?

పటమట_మూర్తి:
ఆ జంట నిజమే, రెండూ ఒకే పౌడర్. హాడ్జ్‌డన్ కూడా రెండింటికీ ఒకే డేటా ఇస్తుంది. తయారీదారే చెప్పాడు కాబట్టి ఒప్పుకోవచ్చు. పేర్లు దగ్గరగా ఉన్నాయని మాత్రం ఇంకెక్కడా ఇలా అనుకోవద్దు. క్లేస్ అనే పౌడర్, యూనివర్సల్ క్లేస్ అనే పౌడర్ పూర్తిగా వేరు. మొదటిది చాలా వేగంగా మండుతుంది, రెండోదాని మోతాదు దానికి వేస్తే పిస్టల్ మిగలదు. మండే వేగాల పట్టికలో పక్కపక్కన ఉన్న పౌడర్లను కూడా ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు. ఆ పట్టిక క్రమం చెబుతుంది గానీ మోతాదు చెప్పదు. పౌడర్‌ను ఎప్పుడూ దాని సొంత డబ్బాలోనే ఉంచండి. పేరు చిరిగిపోయిన డబ్బాలో ఏముందో రంగు చూసి తేల్చలేం, దాన్ని వాడకూడదు. ఘాటైన పులుపు వాసన, ఎర్రటి దుమ్ము కనిపించినా అంతే.

బ్రాడీపేట_రవి:
డబ్బా మీది లాట్ నంబర్ కూడా మీ పట్టికలో ఒక గడిగా పెట్టండి కిరణ్ గారూ. కొత్త లాట్ తెరిచినా, ప్రైమర్ కంపెనీ మారినా, మామూలు ప్రైమర్ దొరక్క మాగ్నమ్ ప్రైమర్ తీసుకున్నా, కేస్ కంపెనీ మారినా, మళ్ళీ ఆరంభ మోతాదు నుంచే. మాగ్నమ్ ప్రైమర్‌కి అయితే ముందు అదే ప్రైమర్‌తో పరీక్షించిన వరుస ఉందేమో చూడండి. లేకపోతే మామూలు ప్రైమర్ దొరికేదాకా ఆగండి.